మస్టర్ నుంచి బోర్డు దాకా

గోదావరిఖనిలో నౌకరిచ్చే బాయిలు తగ్గుతున్నాయి, దుకాణాల షట్టర్లు పెరుగుతున్నాయి. షట్టర్ ఎత్తేముందు ఏ కాగితం కావాలి? ఎత్తాక ఏది మర్చిపోకూడదు? బొగ్గు పట్టణంలో చిన్న వ్యాపారం పెట్టబోయేవాళ్ల కోసం ఈ ముఖచిత్ర కథనం.

దసరా ముందు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో నడవడానికి సందు దొరకదు. సింగరేణి లాభాల వాటా కార్మికుల ఖాతాల్లో పడే రోజులవి. 2023-24 సంవత్సరపు లాభాల్లో పెట్టుబడులకు పక్కనపెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం కార్మికులకు పంచితే, ఒక్కొక్కరికి సగటున లక్షా 90 వేల రూపాయల దాకా వచ్చింది. ఆ డబ్బు కొంత బంగారానికి పోతుంది, కొంత బట్టలకు, ఇంకొంత పాత బాకీలకు. మిగిలింది చేతిలో పట్టుకున్న ఇళ్లలో ఒక మాట లేస్తుంది: “పిలగానికి ఏదన్న షాపు పెట్టిద్దామా?”

వెనకటికి ఈ మాట ఇంతగా వినబడేది కాదు. తండ్రి బాయి పని చేస్తే కొడుకూ బాయి పనికే పోయేవాడు. 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చాక, పది మంది చేసే పని ఒక యంత్రం చేస్తున్నది. కారుణ్య నియామకం దొరికినా ఇంటికి ఒక్కరికే. మిగతా పిల్లలు హైదరాబాద్ బస్సెక్కాలి, లేదంటే ఊళ్లోనే ఒక షట్టర్ అద్దెకు తీసుకోవాలి.

షట్టర్ తీసుకున్నవాడికి మొదటి నెలలోనే తెలిసొచ్చే సంగతి ఒకటుంది. తండ్రికి మస్టర్ (హాజరు) పడితే చాలు, మిగతా కాగితాలన్నీ కంపెనీ చూసుకునేది. సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) కోత, ఆదాయపు పన్ను కోత, క్వార్టర్, కరెంటు, ఆసుపత్రి కార్డు, చివరికి గ్రాట్యుటీ లెక్క కూడా ఎవరో గుమాస్తా రాసిపెట్టేవాడు. కౌంటరు వెనక కూర్చున్న కొడుక్కి అలాంటి గుమాస్తా లేడు. లైసెన్సు, పన్ను, కూలి లెక్క, అద్దె ఒప్పందం అన్నీ తనే చూసుకోవాలి. బొగ్గు పట్టణంలో వ్యాపారం పెట్టేవాళ్లకు పెట్టుబడి కొరత కన్నా ఈ అలవాటు లేకపోవడమే ఎక్కువ నష్టం చేస్తున్నది.

కాగితం తప్పితే ఏమవుతుందో ఈ నేలకు తెలుసు

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ పట్టుకున్నాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ రిజిస్టరై తవ్వకం హక్కులు తీసుకుంది. పెళ్ల తీయడం 1889లో మొదలైంది. నడుమ 1888లో ఏం జరిగిందంటే, ఆ కంపెనీ షేర్లు ఎవరికి ఎలా దక్కాయి, నిజాం ప్రభుత్వానికి ఎలా అంటగట్టారు అన్న దాని మీద లండన్‌లో పెద్ద గొడవై, బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. బొగ్గు బయటికి రాకముందే వాటాల తగాదా పార్లమెంటుకెక్కిందన్నమాట.

‘సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్’ అన్న పేరు 1920 డిసెంబర్ 23న రిజిస్టరైంది. ఏటా ఆ తేదీనే సింగరేణి దినోత్సవం చేసుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొన్నది. ఇవాళ తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. యజమానులు మారారు, రాజ్యాలు మారాయి, కంపెనీ మాత్రం ఆగలేదు. చట్టం దృష్టిలో కంపెనీ అంటే దాన్ని పెట్టిన మనుషులకు వేరుగా బతికే ఒక వ్యక్తి కాబట్టి.

కాగితం తప్పితే కలిగే నష్టానికి ఇంకా దగ్గరి ఉదాహరణ కార్మికవాడల్లోనే ఉంది. దాని పేరు మారుపేర్ల సమస్య. ఒకప్పుడు పనిలో చేరేటప్పుడు ఒక పేరు రాయించి, ఊళ్లో ఇంకో పేరుతో బతికినవాళ్లు ఎందరో. పని చేసినన్నాళ్లూ ఎవరూ అడగలేదు. వారసుడి ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కంపెనీ రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మరొకటి. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలున్నాయి. కార్మిక సంఘాల ఎన్నికల్లో దాని పరిష్కారం హామీగా కూడా మారింది.

వ్యాపారానికి ఇందులో పాఠం ఉంది. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, లైసెన్సు అన్నింటా పేరు, ఇంటి పేరు, అక్షరాలు ఒకేలా ఉండాలి. ఇక్కడ చిరునామాలోనూ చిక్కుంది. 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడింది. పాత కాగితాల్లో ఇప్పటికీ కరీంనగర్ జిల్లానే కనబడుతుంది. కార్పొరేషన్ పేరు రామగుండం, పోస్టు గోదావరిఖని, కాలనీ పేరేమో ఎనిమిదో ఇంక్లైన్ బాయి మీద పడ్డ యైటింక్లైన్ కాలనీ. ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా రాస్తే ఆన్‌లైన్ దరఖాస్తు అక్కడే ఆగుతుంది. దుకాణానికి రంగులేయించే ముందు ఇవన్నీ ఒకటి చేసుకోవాలి. దీనికి ఓపికే ఖర్చు.

ఎవరి పేరు మీద?

బొగ్గు బెల్టులో చాలా దుకాణాలు ఇంటి ఇల్లాలి పేరు మీద ఉంటాయి. కారణం తెలిసిందే. నౌకరిలో ఉన్నవాళ్లు సొంత వ్యాపారం చేయడానికి కంపెనీ నిబంధనలు అడ్డొస్తాయి కాబట్టి భర్త పెట్టుబడి పెడతాడు, భార్య పేరు బోర్డెక్కుతుంది. కొన్నిచోట్ల ఆమె నిజంగానే నడుపుతుంది. కొన్నిచోట్ల ఆమెకు సంతకం తప్ప ఇంకేం తెలియదు.

చట్టం సంతకాన్నే చూస్తుంది. సొంత యాజమాన్యంలో నడిచే దుకాణానికీ యజమానికీ నడుమ గోడ లేదు. జీఎస్టీ నోటీసు ఆమెకే వస్తుంది, బ్యాంకు బాకీ ఆమెదే, చెక్కు బౌన్సయితే కోర్టు మెట్లెక్కేది ఆమే. కాబట్టి సంతకం పెట్టే మనిషికి లెక్క తెలియాలి, బ్యాంకు ఖాతా ఆమె చేతిలో ఉండాలి. నిజంగా ఆమె నడిపితే లాభాలూ ఉన్నాయి. కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ లాంటి పథకాల్లో మహిళలకు సబ్సిడీ శాతం ఎక్కువ. పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పిచ్చిన స్టాండప్ ఇండియా పథకం 2016లో మొదలైందే మహిళలు, ఎస్సీ, ఎస్టీల కోసం. టైలరింగ్, బ్యూటీషియన్ పనుల్లో సింగరేణి సేవా సమితి దగ్గర శిక్షణ పొందిన ఆడవాళ్లు ఈ పట్టణంలో ఎందరో ఉన్నారు. యజమాని అన్న మాటకు వాళ్లే అసలు హక్కుదారులు.

ఇద్దరు ముగ్గురు దోస్తులు కలిసి పెడితే లెక్క మారుతుంది. ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్లు పనిచేసి, ఒకే ఏడాది దిగిపోయినవాళ్లు గ్రాట్యుటీ డబ్బు కలిపి హార్డ్‌వేర్ షాపో, టెంట్‌హౌసో పెడతారు. “మన మధ్యల కాయితమెందుకు” అంటారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఈ మాటను పూర్తిగా ఒప్పుకోదు. ఒప్పందం నోటిమాటగా ఉన్నా చెల్లుతుంది. ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే మాత్రం, బాకీ పడ్డ కొనుగోలుదారు మీద ఒప్పందం పట్టుకుని కోర్టుకు పోలేరు. ఫర్మ్ రద్దు, దాని లెక్కల కోసం తప్ప భాగస్వాముల్లో ఒకరి మీద ఒకరు హక్కు అడగడానికీ దారి ఉండదు. ఇతరులు మాత్రం ఆ ఫర్మ్ మీద దావా వేయొచ్చు. పైగా ఫర్మ్ చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. ఒకడు చేతులెత్తేస్తే మిగతావాడి ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఒక భాగస్వామి చనిపోయిన రోజే ఫర్మ్ రద్దయినట్టు. అందుకే ఎవరి పెట్టుబడి ఎంత, లాభంలో వాటా ఎంత, ఎవరు సంతకం చేస్తారు, ఒకరు పోతే వారసులకు ఏం చెల్లించాలి అన్నవి స్టాంపు కాగితం మీద రాసి, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించాలి.

బాధ్యతకు హద్దు కావాలనుకుంటే 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యమైన ఎల్ఎల్‌పీ, 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేట్ లిమిటెడ్ ఉన్నాయి. రెండింటికీ కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కడే కంపెనీ పెట్టుకోవాలంటే వన్ పర్సన్ కంపెనీ ఉంది. నష్టమొస్తే పెట్టిన పెట్టుబడి దాకానే పోతుంది, ఇంటి జోలికి రారు. అయితే బ్యాంకు అప్పుకు సొంత పూచీకత్తు సంతకం పెడితే ఈ గోడ కూలిపోయినట్టే. వీటికి ఏటా దాఖలు చేయాల్సిన ఫారాలూ ఎక్కువ. కిరాణా కొట్టుకు, టిఫిన్ సెంటర్‌కు ప్రైవేట్ లిమిటెడ్ అవసరం లేదు. కంపెనీకి పెద్ద కాంట్రాక్టులు చేయాలనుకునేవాళ్లకు, బయటి పెట్టుబడి తెచ్చుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

జాగ ఎవరిది?

హైదరాబాద్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. గోదావరిఖనిలో మొట్టమొదట అడగాల్సిందే ఇది. ఇక్కడి నేలలో చాలా భాగం సింగరేణిదో, ఎన్టీపీసీదో, ఎరువుల కర్మాగారానిదో. క్వార్టర్ ముందు రేకులు దించి నడిపే కొట్లు, కంపెనీ స్థలంలో లేచిన గదులు చాలా ఉన్నాయి. సింగరేణి వదులుకున్న స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు పట్టాలిచ్చేందుకు ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. పట్టా ఉన్న ఇంటికీ, లేని గదికీ బజారులో అద్దె ఒకటే కావొచ్చు. దరఖాస్తు పెట్టిన రోజు తేడా కనబడుతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కైనా, బ్యాంకు అప్పుకైనా వ్యాపారం ఎక్కడ నడుస్తుందో రుజువు అడుగుతారు. అద్దె గది అయితే యజమానితో అద్దె ఒప్పందం, ఆయన పేరు మీది కరెంటు బిల్లు లేదా ఆస్తి పన్ను రసీదు కావాలి. సొంతవాళ్ల ఇంట్లో అయితే వాళ్ల అంగీకార పత్రం. కంపెనీ క్వార్టర్‌కు ఇవేవీ మీరు ఇవ్వలేరు, అది మీది కాదు కాబట్టి. అడ్వాన్స్ లక్షల్లో కట్టే ముందు ఇంటి నంబరు, ఆస్తి పన్ను రసీదు చూపించమనండి. చూపించలేని యజమానికి అడ్వాన్స్ ఇవ్వకండి.

జాగ కుదిరాక రెండు కాగితాలు కావాలి. ఒకటి, రామగుండం మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్. గది విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఫీజు పడుతుంది. ఏటా రెన్యూవల్ చేయించాలి. రెండోది కార్మిక శాఖ దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు. మన రాష్ట్రంలో ఇది 1988 నాటి చట్టం. షాపు తెరిచిన 30 రోజుల్లో చేయించుకుని, సర్టిఫికెట్ కనబడేలా పెట్టాలి. పనివాళ్ల గంటలు, వారపు సెలవు ఈ చట్టం కిందకే వస్తాయి. బ్యాంకులో దుకాణం పేరు మీద కరెంటు ఖాతా తెరవాలన్నా ఈ రెండిట్లో ఒకటి అడుగుతారు.

షట్టర్ లేకుండా తోపుడుబండి మీద బతికేవాళ్లకు వేరే చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కార్పొరేషన్ సర్వే చేసి గుర్తింపు ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను నోటీసు ఇవ్వకుండా లేపేయకూడదు. 2020లో వచ్చిన పీఎం స్వనిధి అప్పుకు కూడా ఆ గుర్తింపే దారి.

ఇరవై లక్షలు దాటితే

యూట్యూబ్‌లో జీఎస్టీ గురించి చెప్పే చాలామంది, సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అది నిజం. తెలంగాణలో కాదు. 2019లో పరిమితి 40 లక్షలకు పెంచినప్పుడు కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయాయి, అందులో మనదొకటి. సరుకైనా, సేవలైనా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే 30 రోజుల్లో రిజిస్టర్ కావాలి. టర్నోవర్ అంటే లాభం కాదు, గల్లాపెట్టెలో పడ్డ మొత్తం అమ్మకం. రోజుకు ఆరు వేలు అమ్మే కిరాణా కొట్టు ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. విజయవాడలో ఉన్న బామ్మర్ది మాట నమ్మి కూర్చుంటే నోటీసు గోదావరిఖనికి వస్తుంది.

ఇంకో చిక్కు గోదావరి అవతల ఉంది. మంథని, మహదేవపూర్ దాటితే సిరోంచ, రైలెక్కితే బల్లార్షా. రెండూ మహారాష్ట్ర. ఇక్కడి నుంచి అక్కడికి సరుకు అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

లెక్కలు సులువుగా ఉండాలంటే కాంపొజిషన్ పద్ధతి ఉంది. ఏడాదికి కోటిన్నర దాకా టర్నోవర్ ఉన్న సరుకుల వ్యాపారి అమ్మకంలో 1 శాతం, హోటల్ 5 శాతం కడితే చాలు. మూడు నెలలకోసారి పన్ను, ఏడాదికోసారి రిటర్న్. దీనికి బదులుగా కొన్నప్పుడు కట్టిన పన్ను తిరిగి రాదు, కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేయకూడదు, రాష్ట్రం దాటి అమ్మకూడదు. ఎన్టీపీసీ బూడిదతో ఇటుకలు చేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. 2022 ఏప్రిల్ నుంచి బూడిద ఇటుకలు, మామూలు ఇటుకలు తయారుచేసేవాళ్లకు కాంపొజిషన్ లేదు. అలాంటి యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలూ ముందే చూసుకోవాలి. 2014లో వచ్చిన టీజీ-ఐపాస్ చట్టం కింద పరిశ్రమ అనుమతులన్నీ ఒకేచోట దరఖాస్తు చేయొచ్చు. పెద్దపల్లి జిల్లా పరిశ్రమల కేంద్రంలో దారి చూపిస్తారు.

మిగతావి చేసే పనిని బట్టి వస్తాయి. తినే వస్తువు అమ్మితే ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ ఉండాలి. ఇంట్లో పచ్చళ్లు, సకినాలు చేసి అమ్మేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మందుల షాపుకు డ్రగ్ లైసెన్సు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కావాలి. తూకం వేసే ప్రతి దుకాణంలో కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. పేరు బాగా నడుస్తున్నదనుకుంటే ట్రేడ్‌మార్క్ చేయించుకోండి. పక్క వీధిలో అదే పేరుతో ఇంకో స్వీట్‌హౌస్ లేచాక చేయగలిగేది తక్కువ. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500 రూపాయల ఫీజు. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది.

కంపెనీకే బిల్లు పెడితే

ఈ పట్టణంలో పెద్ద కొనుగోలుదారులు ముగ్గురు: సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం. వెల్డింగ్ పని, మోటార్ రివైండింగ్, వాహనాలు, క్యాంటీన్, సివిల్ పనులు, ప్రింటింగ్ అన్నీ వీళ్ల టెండర్ల చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ మీ అసలు ఆయుధం చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జూలై 1న మొదలైంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో, రూపాయి ఖర్చు లేకుండా అయిపోతుంది. డబ్బులడిగే వెబ్‌సైట్ ప్రభుత్వానిది కాదని గుర్తుపెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి యంత్రాల మీద రెండున్నర కోట్ల లోపు పెట్టుబడి, పది కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవన్నీ సూక్ష్మ సంస్థలే. మన ఊళ్లో చాలావరకు అందులోకే వస్తాయి.

ఉద్యమ్ వల్ల లాభమేంటి? 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ పని అప్పగించాక కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. కట్టకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవచ్చు. ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. గడువులో కట్టని కొనుగోలుదారుకు, ఆ బిల్లు కట్టేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకునే వీలుండదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పెద్ద కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టు చేసి నెలల తరబడి ఫోన్లు చేసేవాళ్లు దీన్ని వాడుకోవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. సరుకు తయారుచేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకు మాత్రమే ఈ రక్షణ. కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ తలుపు తెరిచారు గానీ, బ్యాంకు అప్పుల వరకే. ఎలక్ట్రికల్ సామాను తెచ్చి అమ్మే దుకాణదారు 45 రోజుల నిబంధన పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. ఇంకో మాట, ఉద్యమ్ పని మొదలుపెట్టేముందే తీసుకోవడం క్షేమం. బిల్లు ఆగాక తీసుకుంటే కోర్టుల్లో చిక్కులొస్తాయి.

ఎన్టీపీసీ లాంటి కేంద్ర సంస్థలు ఏటా కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్నది కేంద్ర విధానం. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. సింగరేణిలో మెజారిటీ వాటా రాష్ట్రానిది కాబట్టి అక్కడా ఈ విధానమే ఉంటుందనుకోకుండా ప్రతి టెండరు షరతులు చదువుకుని దిగాలి. గనిలో పనికి మనుషులను పెడితే వాళ్లకు వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ తప్పదు. కూలి కూడా కాంట్రాక్టులో రాసిన రేటుకు తగ్గించకూడదు.

పెట్టడం తేలిక, నడపడంలోనే ఉంది

లైసెన్సులు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాక చాలామంది కాగితాల జోలికి పోరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. జీఎస్టీ తీసుకున్నవాళ్లు ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా సున్నా రిటర్న్ వేయాలి. వేయకపోతే రోజు లెక్కన ఆలస్య రుసుము పడుతుంది. ఆరు నెలలు వరుసగా వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి వదిలేసినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వార్షిక ఫారం ఒక్కోదానికి ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు. దానికి పై హద్దు లేదు. వ్యాపారం నడవని కంపెనీ కూడా ఏటా వాతలు పెడుతూనే ఉంటుంది.

పనివాళ్లు పదిమంది అయితే ఈఎస్ఐ చూసుకోవాలి. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం. ఇరవై మంది అయితే పీఎఫ్. నెలకు 15 వేలు దాటి జీతమిస్తే వృత్తి పన్ను కోసి కట్టాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి, నియామక పత్రం అందరికీ ఇవ్వడం అందులో ఒకటి. సీఎంపీఎఫ్ డబ్బుతో ఇల్లు కట్టుకున్న తండ్రి కొడుకు, తన దగ్గర పనిచేసే పిల్లలకు పీఎఫ్ ఎగ్గొట్టడం కన్నా అన్యాయం ఉండదు.

లెక్క పుస్తకం విషయంలో ఒక్కటే సూత్రం: ఇంటి డబ్బు, దుకాణం డబ్బు కలపొద్దు. రెండు ఖాతాలు, రెండు యూపీఐ కోడ్లు పెట్టుకోండి. కౌంటరు మీది క్యూఆర్ కోడ్ ఇంట్లోవాళ్ల సొంత ఖాతాకు తగిలిస్తే, అల్లుడు పంపిన డబ్బు కూడా అమ్మకంలా కనబడుతుంది. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్నులో అంచనా పద్ధతి ఉంది. రెండు కోట్ల దాకా టర్నోవర్‌లో నగదు అమ్మకాల మీద 8 శాతం, డిజిటల్ అమ్మకాల మీద 6 శాతం కనీస లాభంగా చూపిస్తే పెద్ద పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు. ఐటీ రిటర్నులు మూడేళ్లు వరుసగా ఉంటే బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు మాట చెల్లుతుంది.

అవి లేనివాళ్లు పోయేది గిరిగిరి దగ్గరికి. పొద్దున చేతికిచ్చి, రోజూ సాయంత్రం వసూలు చేసుకుపోయే ఆ అప్పు గల్లాపెట్టెను లోపలి నుంచి తినేస్తుంది. ఇచ్చేవాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. గ్రాట్యుటీ డబ్బు వడ్డీలకు తిప్పడం కూడా చట్టం దృష్టిలో వ్యాపారమే. తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1349 ఫసలీ వడ్డీ వ్యాపారుల చట్టం కింద దానికి లైసెన్సు కావాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా చిట్టీలు నడపడం 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నేరం. చిట్టీ మునిగితే ఊళ్లో మొఖం చూపలేని పరిస్థితి ఎలా ఉంటుందో బొగ్గు బెల్టుకు కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పు అవసరమైతే ముద్రా కింద పది లక్షల దాకా, పీఎంఈజీపీ కింద తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల ప్రాజెక్టు దాకా బ్యాంకుల్లో అడగండి.

మూసేటప్పుడు కూడా

రామగుండం ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థానంలో ఆర్ఎఫ్‌సీఎల్ వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టేసరికి 2021 వచ్చింది. నడుమ ఇరవై ఏళ్లకు పైగా ఆ గేటు మీద ఆధారపడ్డ కొట్లు ఎన్నో కనుమరుగయ్యాయి. బాయి మూతపడినా, గేటు మారినా దుకాణం ఎత్తేయాల్సి రావచ్చు. అది ఓటమి కాదు. తాళం వేసి ఊరెళ్లిపోవడం మాత్రం తప్పు. జీఎస్టీ రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలల్లో చివరి రిటర్న్ వేయాలి. ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ నమోదు వదిలేస్తున్నట్టు రాసివ్వాలి. ఫర్మ్ రద్దయితే బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఇచ్చేదాకా పాత భాగస్వామి చేసిన అప్పుకు మీరూ బాధ్యులే.

వరుస ఇదీ

1. పాన్, ఆధార్, చిరునామా అక్షరం తేడా లేకుండా సరిచేసుకోవడం.
2. ఎవరి పేరు మీదో తేల్చుకోవడం. భాగస్వాములుంటే ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించడం.
3. జాగ కాగితాలు చూశాకే అడ్వాన్స్.
4. ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ నమోదు, ఆపై బ్యాంకులో కరెంటు ఖాతా.
5. ఉద్యమ్. ఇది ఉచితం.
6. చేసే పనిని బట్టి ఆహారం, మందులు, తూకం, కాలుష్యం లైసెన్సులు.
7. 20 లక్షలు దాటేలా ఉన్నా, రాష్ట్రం దాటి సరుకు అమ్మినా జీఎస్టీ.
8. రెన్యూవల్, రిటర్న్ తేదీలు క్యాలెండర్‌లో రాసి గోడకు పెట్టుకోవడం.

ఇందులో చాలావరకు మీసేవలోనో, ఇంట్లో ఫోన్‌లోనో అయిపోయేవే. ఫీజులు, పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున మళ్లీ సరిచూసుకోండి. సంవత్సరానికి ఒకసారి మంచి ఆడిటర్ దగ్గర కూర్చోవడం ఖర్చు కాదు. ఆయనకు పాస్‌వర్డులు ఇచ్చినా ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. ఏం దాఖలు చేస్తున్నారో చదివాకే ఆ ఓటీపీ చెప్పండి. దసరా డబ్బుతో షాపు పెట్టాలనుకునే ప్రతి ఇంటికీ మేం చెప్పేది ఇదే: మొదటి పదివేలు బోర్డు మీద పెట్టకండి, కాగితాల మీద పెట్టండి.